పన్నెండో మనిషి

ఈ మధ్య జైపూర్‌లో గానీ, శ్రీరాంపూర్ కాలనీలో గానీ, గోదావరిఖని చౌరస్తాలో గానీ సింగరేణిలో పనిచేసి దిగిపోయినవాళ్లు నలుగురు కలిస్తే, మాట బాయి దగ్గర మొదలై అమెరికా దగ్గర ఆగుతోంది. ఒకరి కొడుకు డాలస్‌లో, ఒకరి బిడ్డ అట్లాంటాలో. "వీసా వచ్చిందా అన్నా?" "ఎప్పుడు పోతున్రు?" "ఆర్నెల్లు అక్కడ పొద్దెట్ల పోతదే?" ఈ మూడో ప్రశ్న అడిగేటప్పుడు గొంతులో బెంగ వినబడుతుంది. పోయొచ్చినవాళ్లు చెప్పే మాటలు అట్లాంటివి మరి. పిల్లలు పొద్దున్నే పనిలో కూర్చుంటారు, కారు లేనిదే గడప దాటలేం, పలకరించే మనిషి ఉండడు.

నేను పోయొచ్చాక ఆ బెంగ ఉన్నవాళ్లందరికీ ఒకటే చెబుతున్నాను. మీ పిల్లలు చదివిన కాలేజీకి ఫుట్‌బాల్ జట్టు ఉందేమో అడగండి. ఉంటే ఒక్క శనివారం వాళ్లను వెంటబెట్టుకొని ఆటకు పోండి.

మొన్న ఒక దోస్తుతో ఈ మాట అంటే, "ఆ కోలబంతి పట్టుకొని ఒకని మీద ఒకడు పడుడేనా? మనకేం సమజైతది?" అన్నాడు. సమజైతది. ఎంత తెలిస్తే చాలో ఇక్కడే చెబుతా. జట్టుకు పదకొండు మంది. బంతి ఉన్న జట్టుకు నాలుగు అవకాశాలు. ఆ నాలుగింట్లో పది గజాలు ముందుకు పోవాలి. పోతే మళ్లీ నాలుగు ఇస్తారు, పోలేకపోతే బంతి ఎదుటివాళ్లది. వంద గజాల మైదానం చివరి గీత దాటించి బంతి తీసుకుపోతే ఆరు పాయింట్లు, ఆ వెంటనే స్తంభాల మధ్య నుంచి తంతే ఇంకొకటి. గీత దాకా పోవడం కష్టమనుకుంటే దూరం నుంచే స్తంభాల మధ్యకు తన్నొచ్చు, దానికి మూడు. గడియారం లెక్కకు గంట ఆటే, ఆగుతూ సాగుతూ మూడు గంటలు దాటుతుంది. ఆగిన ప్రతిసారీ ఏం జరిగిందో మీ పిల్లలు చెబుతూనే ఉంటారు. ఏడాదంతా ఫోన్లో మాట్లాడనంత ఆ మూడు గంటల్లో మాట్లాడుకుంటారు.

వాళ్లకు ఈ ఆట నిన్నమొన్నటిది కాదు. 1869 నవంబర్ 6న న్యూజెర్సీలో రట్గర్స్, ప్రిన్స్‌టన్ కాలేజీల కుర్రాళ్లు జట్టుకు పాతికమంది చొప్పున తొలిసారి తలపడ్డారు. రట్గర్స్ 6-4తో గెలిచింది. అప్పుడు ఆడింది కాలితో తన్నే ఆటే, ఇప్పటి రూపం తర్వాత వచ్చింది. యెల్లందు దిక్కు విలియం కింగ్ బొగ్గు జాడ కనిపెట్టింది 1871లో కదా. మన సింగరేణి కథ మొదలుకాక ముందే వాళ్ల ఆట మొదలైందన్నమాట. ఇప్పుడు మిషిగన్ యూనివర్సిటీ స్టేడియంలో 1,07,601 మంది పడతారు. ఆ స్టేడియం ఉన్న ఆన్ ఆర్బర్ జనాభా లక్షా పాతికవేల లోపే! ఊరంతా మైదానంలో ఉందంటే నమ్మాల్సిందే.

మేం చూసింది టెక్సస్‌లో. మా బిడ్డ అక్కడి ఏ అండ్ ఎం యూనివర్సిటీలో చదివింది. 1876లో తెరిచిన కాలేజీ అది, హ్యూస్టన్ నుంచి కారులో రెండు గంటల లోపు దారి. కాలేజీ కోసమని రైలు ఆపితే, ఆ స్టాపు చుట్టూ ఇళ్లు లేచి ఊరి పేరే కాలేజ్ స్టేషన్ అయింది. మన దగ్గర బాయి తవ్విన చోట ఊరు లేచింది, అక్కడ బడి కట్టిన చోట లేచింది.

ఆట సాయంత్రమైనా జనం పొద్దున్నుంచే దిగుతారు. మైదానం బయట కార్లు వరసగా పెట్టి, డిక్కీలు తెరిచి, గుడారాలు వేసి, బొగ్గుల మీద మాంసం కాలుస్తూ ఉంటారు. ఎటు చూసినా ముదురు మెరూన్ చొక్కాలే. ఎదురుపడిన ప్రతివాళ్లూ "హౌడీ" అని పలకరిస్తారు. పలకరించే మనిషి ఉండడని బెంగపడ్డ మా ఆవిడకు ఆ రోజు జవాబు చెప్పే తీరిక కూడా దొరకలేదు. ఇంటి నుంచి తెచ్చిన సకినాల డబ్బా తీసి పక్క గుడారానికి పంపింది. ఆ గుడారం పెద్దాయన రెండు తిని, మూడోది అడిగి తీసుకున్నాడు. తీసుకునేటప్పుడు ఆయన వేలికి బరువైన బంగారు ఉంగరం కనబడింది. అదే ఉంగరం మా బిడ్డ వేలికీ ఉంది. ఆ కాలేజీలో చదివి, ఇన్ని పాఠాలు పూర్తిచేశావని లెక్క తేలాకే అది చేతికొస్తుంది. చదువుతున్నన్నాళ్లూ దాని మీది సంవత్సరం తమవైపు చూసేట్టు పెట్టుకుంటారు, పట్టా వచ్చాక బయటికి తిప్పుకుంటారు. పెద్దాయన తన చెయ్యి తెచ్చి మా బిడ్డ చెయ్యి పక్కన ఆనించాడు. ఆయన ఉంగరం మీది చెక్కుడు అరిగి నున్నగైపోయింది, మా బిడ్డది ఇంకా పదునుగా ఉంది. ఆయన వయసు నాకంటే ఎక్కువే. ఆ మనిషి మా బిడ్డను అడిగిన మొదటి ప్రశ్న "మీదే దేశం" అని కాదు, "నువ్వు ఏ సంవత్సరం" అని. నేను విమానమెక్కి అంత దూరం పోయింది ఆ ఒక్క ప్రశ్న వినడానికేనేమో అనిపించింది. పరాయి దేశంలో బిడ్డ ఎట్లుందోనని రాత్రులు ఆలోచించే ప్రతి తండ్రీ వినాల్సిన ప్రశ్న అది.

స్టేడియం ఉత్తరం ద్వారం దగ్గర వరసగా సమాధులున్నాయి. అవి కుక్కలవి. 1931లో విద్యార్థులు ఒక వీధికుక్కను చేరదీసి రెవెలీ అని పేరుపెట్టుకున్నారు. అప్పటినుంచి ఒకదాని తర్వాత ఒకటి, అన్నిటికీ అదే పేరు. చనిపోయినవాటిని అక్కడే పూడ్చారు. స్టేడియం పెంచినప్పుడు లోపలి స్కోరుబోర్డు అక్కడికి కనబడకుండా పోయింది. అందుకని సమాధుల ముందు వాటికోసమే ఒక చిన్న స్కోరుబోర్డు పెట్టారు. కుక్కకు కూడా స్కోరు తెలియాలన్న పట్టుదల చూడండి!

ఇక లోపల. కైల్ ఫీల్డ్ అంటారు దాన్ని, 1,02,733 మంది పట్టే చోటు. మా ఎదురువైపు విద్యార్థుల వరసలు. ఒక్కరూ కూర్చోలేదు. ఆట మొదలైన దగ్గర్నుంచి చివరిదాకా నిలబడే ఉన్నారు. సీట్లున్నా ఎందుకు నిలబడతారో మా బిడ్డ చెప్పింది.

1922 జనవరి 2న డాలస్‌లో సెంటర్ కాలేజీతో ఏ అండ్ ఎం ఆట. అప్పట్లో సెంటర్ కాలేజీ అంటే పెద్ద జట్టు. ఏ అండ్ ఎం ఆటగాళ్లు ఒకరి తర్వాత ఒకరు దెబ్బలు తగిలి బయటికొస్తున్నారు. బెంచీ ఖాళీ అయ్యేట్టుంది. కింగ్ గిల్ అనే కుర్రాడు పైన విలేకరుల గదిలో ఉండి, ఏ ఆటగాడు ఎవరో వాళ్లకు చెప్పి సాయం చేస్తున్నాడు. అతను అప్పటికే ఫుట్‌బాల్ వదిలి బాస్కెట్‌బాల్‌కు పోయినవాడు. కోచ్ డానా బైబిల్ అతన్ని కిందికి పిలిచాడు. గిల్ దెబ్బతిన్న ఆటగాడి బట్టలు వేసుకొని గీత పక్కన నిలబడ్డాడు. ఆట అయిపోయేదాకా నిలబడే ఉన్నాడు. ఏ అండ్ ఎం 22-14తో గెలిచింది. గిల్‌కు మైదానంలో దిగే అవసరమే రాలేదు.

మనకు ఈ కథ వేరేవాళ్లు విప్పి చెప్పనక్కర్లేదు. బదిలీ వర్కర్‌గా మొదలైనవాళ్లం మనం. సద్ది గిన్నె పట్టుకొని మస్టర్ దగ్గర నిలబడి, ఎవరు రాకపోతే ఆ పనిలోకి దిగడానికి సిద్ధంగా ఉన్నవాళ్లం. పిలుపు రాని రోజు కూడా ఆ నిలబడడం లెక్కలోకి రావాలని మన మనసు కొట్టుకునేది. అక్కడ వందేళ్లుగా దాన్ని లెక్కలోకి తీసుకుంటున్నారు. మైదానంలో పదకొండు మంది ఉంటే, నిలబడి చూసే ప్రతివాడూ పన్నెండో మనిషే. అవసరమైతే నేనున్నానని చెప్పడానికే ఆ నిలబడడం. మా బిడ్డ మా పక్క సీటున్నా కూర్చోలేదు. కాసేపటికి నేనూ లేచాను. "కాళ్లు నొస్తయి బాపూ, కూసో," అంది. కూర్చోలేదు. కాలేజీ పాట వచ్చినప్పుడు వరసంతా ఒకరి భుజం మీద ఒకరు చేతులేసి ఊగుతారు, ఒక వరస అటు, దాని ముందు వరస ఇటు. మేమున్న అంతస్తు కాంక్రీటు పాదాల కింద కదలడం నాకు స్పష్టంగా తెలిసింది.

కార్మికుడి కళ్లతో చూస్తే ఇంకో సంగతి కూడా చెప్పాలి. లక్షమంది టికెట్ కొని చూసే ఆటలో ఆడే పిల్లలకు చాలా ఏళ్లు చదువు, తిండి, వసతి తప్ప చేతికి కూలి లేదు. 2021 జులై నుంచి తమ పేరు, బొమ్మ వాడుకున్నందుకు బయటివాళ్ల దగ్గర డబ్బు తీసుకోవచ్చన్నారు. 2025 జులై నుంచి కాలేజీలే నేరుగా ఇవ్వొచ్చని కోర్టులో ఒప్పందం కుదిరింది. పోరాడి తెచ్చుకున్న హక్కు అది. తలకు తగిలే దెబ్బల మాట ఇంకా తెగలేదు. చప్పట్లు కొట్టేవాళ్లు ఈ రెండూ మరవకూడదు.

సొంత జట్టు కోసం సముద్రం దాటే అలవాటు కూడా వాళ్లకుంది. 2012 సెప్టెంబర్ 1న నోటర్ డామ్, నేవీ జట్లు ఐర్లాండ్ పోయి డబ్లిన్‌లో ఆడితే, ఆ ఒక్క ఆటకు దాదాపు 35 వేలమంది అమెరికన్లు విమానాలెక్కారు. 2024 ఆగస్టు 24న అదే డబ్లిన్‌లో జార్జియా టెక్, ఫ్లారిడా స్టేట్ ఆడాయి. జార్జియా టెక్ అంటే మన అట్లాంటా తెలుగువాళ్లకు బాగా తెలిసిన చదువుల చోటు. స్కోరు 21-21. గడియారంలో క్షణాలు అయిపోతుండగా 44 గజాల నుంచి తన్నిన బంతి స్తంభాల మధ్య నుంచి పోయింది, జార్జియా టెక్ 24-21తో గెలిచింది. అంత దూరం పోయినవాళ్ల పైసలన్నీ ఆ ఒక్క తన్నులో వసూలయ్యాయి.

పరాయి గడ్డ మీద సొంత మనుషులు లేకపోతే ఎట్లుంటుందో మన హైదరాబాద్ ఆటగాళ్లకు తెలుసు. 1962లో జకార్తాలో ఆసియా క్రీడలు. అక్కడ మన దేశం ఆడింది కాలితో తన్నే ఫుట్‌బాల్, జట్టు కోచ్ మన హైదరాబాద్ రహీం సాబ్. ఉస్మానియాలో చదివి, బడిపంతులుగా పనిచేసి, ఫుట్‌బాల్‌కు జీవితం ఇచ్చిన సయ్యద్ అబ్దుల్ రహీం. ఆటగాళ్లలో సికింద్రాబాద్ పక్కన అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం, హైదరాబాద్‌లో పుట్టిన గోల్‌కీపర్ పీటర్ తంగరాజ్. ఇజ్రాయెల్, తైవాన్‌లను పిలవకపోవడం మీద మన దేశపు అధికారి జి.డి. సోంధి అభ్యంతరం చెప్పడంతో అక్కడి జనం మన జట్టు మీద మండిపడి ఉన్నారు. సెప్టెంబర్ 4న దక్షిణ కొరియాతో ఫైనల్. స్టేడియమంతా మనవాళ్లకు ఎదురు తిరిగి అరుస్తోంది. తలకు కుట్లు వేసుకొని దిగిన జర్నైల్ సింగ్ ఒక గోల్, పీకే బెనర్జీ ఒక గోల్ కొట్టి 2-1తో బంగారం తెచ్చారు. ఆ రోజు మనవైపు నిలబడి కేకలేసింది పాకిస్తాన్ హాకీ జట్టువాళ్లని మన ఆటగాళ్లే తర్వాత చెప్పుకున్నారు. గొంతు కలిపే నలుగురు ఎంత విలువో ఆ పదకొండు మందిని అడిగితే తెలిసేది. రహీం సాబ్ మరుసటి ఏడాది జూన్‌లో క్యాన్సర్‌తో పోయారు.

ఇదంతా మీకెందుకు చెబుతున్నానంటే, మన దగ్గరా జట్లున్నాయి. గోదావరిఖనిలో జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియం ఉంది. సింగరేణిలో ఏరియాల మధ్య పోటీలు జరుగుతాయి, గెలిచినవాళ్లు కోలిండియా పోటీలకు వేరే రాష్ట్రాలు పోతారు. మంచిర్యాల డిగ్రీ కాలేజీల పిల్లలు కాకతీయ యూనివర్సిటీ అంతర కళాశాలల పోటీలకు పోతారు. పోయేటప్పుడు చూడండి: భుజాన సంచి, ఒకరి బూట్లు ఒకరు మార్చుకుంటూ ఉండే పిల్లలు, వెంట పీడీ సారు. వాళ్ల తండ్రి మొదటి షిఫ్టులో ఉంటాడు, తల్లికి కొడుకు ఏ ఆట ఆడతాడో సరిగా తెలియదు. గెలిచొచ్చాక పేపర్లో ఫొటో వస్తే కత్తిరించి దాచుకుంటాం. ఆడుతున్నప్పుడు మాత్రం మన గొంతు అక్కడ వినబడదు. మ్యాచ్ పోయి, బూట్లు విప్పుకుంటూ ఒంటరిగా కూర్చున్న పిల్లవాడికి ఆ సమయంలో కావాల్సింది ఫొటో కాదు.

పనికొచ్చే మాటలు రెండు చెప్పి ముగిస్తా. అమెరికా పోయేవాళ్లు ఆగస్టు చివరి నుంచి నవంబర్ చివరిలోపు అక్కడ ఉండేట్టు చూసుకోండి, కాలేజీ ఫుట్‌బాల్ సీజన్ అదే. జట్టు సొంత మైదానంలో ఆడే శనివారం ఏదో పిల్లల్ని ముందే అడిగి టికెట్లు తీసుకోమనండి. చాలా మైదానాల్లో లోపలున్నది బయటికి కనబడే ప్లాస్టిక్ సంచి తప్ప వేరే పెద్ద సంచి పోనివ్వరు కాబట్టి సకినాల డబ్బా బయటే ఖాళీ చేయండి. సెప్టెంబర్ టెక్సస్ ఎండకు నెత్తిన టోపీ ఉండాలి, రామగుండం ఎండలు చూసినవాళ్లమైనా సరే.

రెండోది, ఈ ఏడు మన కాలేజీ పిల్లల పోటీలు ఏ తారీఖున ఉన్నాయో పీడీ సారును అడగండి. దిగిపోయినవాళ్లం, మనకు మస్టర్ లేదు, షిఫ్టు లేదు. మంచిర్యాలలో రైలెక్కితే రెండు, రెండున్నర గంటల్లో కాకతీయ యూనివర్సిటీ ఉన్న వరంగల్. అమెరికా ఆటకు జీవితంలో ఒకసారో రెండుసార్లో పోతాం. వరంగల్‌కు ఏటేటా పోవచ్చు. నేను పోతున్నాను, వచ్చేవాళ్లు చెప్పండి, కలిసే టికెట్లు తీసుకుందాం.