చలికాలపు కారు, ఎండకాలపు రోగము

విన్నిపెగ్ నగరమునకు క్రొత్తగా వచ్చిన తెలుగువారు తప్పక అడుగు ప్రశ్న యొకటి కలదు: ఇచటి కార్లకు ముందువైపు జాలీనుండి కరెంటు తీగ వ్రేలాడుచున్నదేల? పెట్రోలు పోసి నడుపు బండికి విద్యుత్తుతో పనియేమని వారి సందేహము. నవంబరు మొదలు మార్చి వరకు రాత్రివేళ ఆ తీగను గోడనున్న ప్లగ్గులో గ్రుచ్చినచో, ఇంజనులో అమర్చిన హీటరు అందలి కూలెంటును వెచ్చబెట్టును. తెల్లవారి తాళము త్రిప్పునప్పటికి, బయట సున్నకు ముప్పది డిగ్రీలు దిగువనున్నను, ఇంజను ఆ చలిని పూర్తిగా ఎరుగని స్థితిలో నుండును. ఈ యుపాయమును సరిహద్దునకు ఆవల, ఉత్తర డకోటాలోని గ్రాండ్ ఫోర్క్స్ పట్టణమున నుండిన ఆండ్రూ ఫ్రీమన్ రూపొందించి 1949లో పేటెంటు పొందెను. రాత్రియంతయు మండనక్కరలేదు, బయలుదేరుటకు మూడు నాలుగు గంటలు ముందుగా వెలుగునట్లు టైమరు పెట్టిన చాలును. మా ప్లగ్గులకు వచ్చు కరెంటు చాలవరకు నెల్సన్ నది నీటిది. తెలంగాణలో మా వైపు భూపాలపల్లి బొగ్గు చెల్పూరులోని కాకతీయ థర్మల్ కేంద్రమున కాలి, ఆ కరెంటు బావుల మోటార్లను త్రిప్పును. అచట యాసంగి పొలమును బ్రతికించునదే ఇచట శీతకాలమున కారును బ్రతికించుచున్నదని తలచినపుడెల్ల నాకు నవ్వు వచ్చును.

నేను జనగామవాడను. హైదరాబాదునుండి వరంగల్లు పోవు రహదారి ప్రక్కన, టైర్ల దుకాణముల నడుమ, మెకానిక్కు షెడ్ల నూనెవాసన నడుమ పెరిగితిని; సెలవులకు భూపాలపల్లిలో సింగరేణి గనులకు సామాను చేరవేయు మేనమామ ఇంటికి పోయెడివాడను. ఇచట నాకు దొరికిన ఆప్తమిత్రుడు మహబూబాబాదువాడు. ఆ పేరు ఆయన నోట నేనెన్నడును వినలేదు, మానుకోట యనియే అనును. మా మువ్వురి యూళ్లును ఒకప్పుడు ఒకే వరంగల్లు జిల్లాలోనివి. 2016 అక్టోబరు 11న, దసరా పండుగనాడు, మూడును మూడు వేరు జిల్లాల కేంద్రములైనవి.

అడవి దాపున నుండుటచే పుష్యమాసపు తెల్లవారుజామున భూపాలపల్లిలో చలి జనగామకంటె ఒకింత మెండు. అయినను అది పది డిగ్రీలకు కొంచెము అటునిటుగానే యుండును. విన్నిపెగ్‌లో పది డిగ్రీలనగా పిల్లలు ఉత్త చొక్కాలతో వీథిలో ఆడుకొను వసంతము. ఆ కొద్దిపాటి చలికే మామగారి ముసలి డీజిలు జీపు మొండికేసెడిది. డీజిలు ఇంజనునకు నిప్పురవ్వ నిచ్చు ప్లగ్గు లేదు. గాలిని గట్టిగా అదిమినపుడు పుట్టు వేడిమియే ఇంధనమును మండించవలెను. రాత్రి చల్లబడిన ఇనుపగోడలు ఆ వేడిమిని పీల్చివేయును, అందుచేత ముందుగా హీటరు పట్టి, తీగ ఎఱ్ఱబారు వరకు ఆగవలెను. మామ బండిని ఎన్నడును పల్లమున నిలుపడు. దారి వాలుగా దిగు మిట్టన నిలిపి, సెల్ఫు పలుకని నాడు దొర్లించి, రెండవ గేరులో క్లచ్చి వదలుట ఆయన పద్ధతి. ఒకనాడు డ్రైవరు కుర్రవాడు గని షిఫ్టునకు ఆలస్యమగుచున్నదని తాళమును పదేపదే త్రిప్పుచుండగా ఆయన వచ్చి, “అరేయ్, చెయ్యి తియ్యిరా. బ్యాటరీల ఉన్న జర పాణం గూడ తీస్తవా? ముందుగాల అది ఏం సప్పుడు చేస్తున్నదో ఇను” అని గద్దించి, నావైపు తిరిగి, “సలికి బండి చెడిపోదు అల్లుడా, చెడిపోయిన బండిని సలి పట్టిస్తది” అనెను. ఇంజనీరింగు చదువున నాకెవ్వరును ఇంత పొందికగా చెప్పలేదు.

చప్పుడు వినుటయనునది హాస్యమునకు చెప్పిన మాట కాదు, పాత కారు విషయమున అదియే ప్రథమ పరీక్ష. తాళము త్రిప్పగానే టకటకటక మని వేగముగా కొట్టుకొనినచో బ్యాటరీలో శక్తి చాలలేదని యర్థము; సెల్ఫును పట్టుకొను రిలే ముడివడుచు విడివడుచు నున్నది. ఒకేయొక్క ‘టక్’ మని ఊరకున్నచో టెర్మినళ్లపై తెల్లగను పచ్చగను పేరుకొనిన పొడియైనను, వదులైన తీగయైనను, సెల్ఫు మోటారే యైనను కారణము కావచ్చును. ఇంజను తిరుగుచునే మిక్కిలి మందముగా, మూలుగుచు తిరిగినచో బ్యాటరీ నీరసించినదో, నూనె చిక్కబడినదో యగును. చురుకుగా తిరిగియు అంటుకొననిచో బ్యాటరీని నిందింపవలదు. ఇంధనము రాకయో, నిప్పురవ్వ పుట్టకయో యున్నది. ఏ చప్పుడును లేనిచో, ముందు గేరు పార్కులో నున్నదో లేదో చూచుకొనవలెను. సందేహమున్నపుడు హెడ్‌లైట్లు వెలిగించి తాళము త్రిప్పుడు: వెలుగు ఒక్కసారి కుంగిపోయినచో లోపము సాధారణముగా బ్యాటరీలోనిది, వెలుగు చెక్కుచెదరక సెల్ఫు మాత్రము పలుకకున్నచో సెల్ఫునో దాని తీగలనో వెదకవలెను. ఇంత తెలిసికొనుటకు పనిముట్టు ఒక్కటియు అక్కరలేదు. ఓర్పు కావలెను, అది మాత్రము మైనస్ ముప్పదిలో నిలుచున్న మనుష్యునకు కొంచెము తక్కువగానే యుండును.

1859లో గాస్టన్ ప్లాంటే కనిపెట్టిన సీసము–ఆమ్లముల బ్యాటరీయే నేటికిని పాత కార్లన్నింటిలో నున్నది. అందు జరుగు రసాయనక్రియ చలిలో మందగించును: సున్న డిగ్రీలకు దాని బలములో సుమారు మూడవవంతు, మైనస్ 18కి ఇంచుమించు సగము తగ్గును. దురదృష్టమేమనగా సరిగా ఆ వేళకే చిక్కబడిన నూనెలో ఇంజనును త్రిప్పుటకు మామూలుకంటె రెట్టింపు బలము కావలసివచ్చును. బ్యాటరీపై సీసీఏ యని అచ్చువేయు సంఖ్య ఈ సంకటమునకు కొలత. మైనస్ 18 డిగ్రీల వద్ద ముప్పది సెకండ్లపాటు, 7.2 వోల్టులకు దిగజారక అది ఇయ్యగల ఆంపియర్లు అవి. నూనె డబ్బాపై ‘డబ్ల్యూ’ ముందున్న అంకెయు ఇట్టిదే: 20 డబ్ల్యూ నూనెను మైనస్ 15 వద్దను, 5 డబ్ల్యూ నూనెను మైనస్ 30 వద్దను, 0 డబ్ల్యూ నూనెను మైనస్ 35 వద్దను ఇంజను తిరుగునా యని పరీక్షింతురు. మామ జీపులో పోసిన 20 డబ్ల్యూ 40 నూనెను ఇచట జనవరిలో పోసినవాడు బండి కదలలేదని ఎవరిపై కోపగించుకొనగలడు?

గడచిన శీతకాలమున మానుకోట మిత్రుడు తెల్లవారకమునుపే ఫోను చేసి, “అన్నా, బండి టకటకమంటుంది గని లేస్తలేదు. మానుకోటల అయితే నలుగురం తోస్తుంటిమి” అనెను. ఆటోమాటిక్ గేరు బండిని నలుగురు కాదు నలుబదిమంది తోసినను ఇంజను లేవదు. వేడినీళ్లు కాచి టెర్మినళ్లపై పోయుదునా యని ఆయన యడిగెను. అది మన యూళ్లలో మంచి వైద్యమే గాని, ఇచట ఆ నీరు నిమిషములో గడ్డకట్టి బానెట్టు క్రింద మరియొక చిక్కును తెచ్చును. వంటసోడాతో తుడుచుట, వాసెలిన్ పూయుట వెచ్చని గ్యారేజీలో చేయవలసిన పనులు. నేను తీగలు తీసికొని పోయి ముందు చూచినది బ్యాటరీ ప్రక్కలు ఉబ్బినవా యనియే. నిండుగా చార్జి యున్న బ్యాటరీలోని ద్రవము ఇచటి చలికి సాధారణముగా గడ్డకట్టదు. ఖాళీయైన దానిలోనిది మాత్రము సున్నకు కొలది డిగ్రీల దిగువనే గడ్డకట్టును, అట్టిదానికి కరెంటు నిచ్చినచో ప్రేలవచ్చును. ఉబ్బలేదు గనుక, ఎఱ్ఱతీగను మొదట ఆయన బ్యాటరీ ప్లస్సునకు, పిదప నా బ్యాటరీ ప్లస్సునకు. నల్లతీగను నా బ్యాటరీ మైనస్సునకు, దాని రెండవ కొసను ఆయన బ్యాటరీకి గాక దూరముగా ఇంజనుపై నున్న ఉత్తలోహమునకు తగిలించితిని. ఆ చివరి కొస దగ్గరనే నిప్పురవ్వ ఎగురును. బ్యాటరీనుండి హైడ్రోజను వెలువడుచుండవచ్చును గాన అచట రవ్వ పనికిరాదు. కొంతసేపు నా బండి నడచిన పిమ్మట ఆయన బండి లేచినది.

చిన్న సంగతులు కొన్ని కలవు. సెల్ఫును పది సెకండ్లకు మించి పట్టియుంచవలదు, నడుమ విరామమియ్యవలెను. పెట్రోలు టాంకును సగమునకు దిగనీయకున్నచో అందు తేమ చేరి గొట్టములలో మంచగుట తగ్గును. ఇంజెక్షను బండ్లలో తాళమును మొదటి మెట్టువద్ద రెండు సెకండ్లు ఆపినచో పెట్రోలు పంపు ఒత్తిడి పుట్టించుకొనును. పాత కార్బొరేటరు బండి కలవారికి చోకు సంగతి నేను చెప్పనక్కరలేదు. అట్టి బండిని ఇచట శీతకాలమున నడుపువాడు నాకంటె ఎక్కువ తెలిసినవాడే అయియుండును.

ఆ పిమ్మట దుకాణమున పరీక్షించినపుడు మిత్రుని బ్యాటరీలో అచ్చువేసిన సీసీఏలో సగము కూడ మిగులలేదు. చలి దాని ప్రాణము తీసినదని ఆయన నమ్మకము. నా తీర్పు వేరు. సీసము–ఆమ్లముల బ్యాటరీకి పరమశత్రువు ఎండ. పరిసరముల వేడిమి పది డిగ్రీలు పెరిగిన కొలది దాని ఆయుష్షు ఇంచుమించు సగమగునని లెక్క. భూపాలపల్లిలో మే మాసపు ఎండ 45 డిగ్రీల దాపునకు పోవునపుడు లోపలి సీసపు జాలకము క్షయించుటచేతనే మన బ్యాటరీలు రెండు మూడేండ్లకు చేతులెత్తును. విన్నిపెగ్ జూలైలో బానెట్టు క్రింది వేడియు తక్కువది కాదు. వేసవిలో దెబ్బతిన్న బ్యాటరీ ఆ దినములలో తేలికగా తిరుగు ఇంజనును ఎట్లో లేపుచు తన రోగమును దాచుకొని, జనవరిలో బయటపడును. అందుచేత జనవరిలో క్రొత్త బ్యాటరీ కొని చలిని తిట్టువారికంటె అక్టోబరులో పాతదానిని పరీక్ష చేయించువారు తెలివైనవారు.

మనకు తరచుగా ఆ మాసముననే దసరా వచ్చును, ఏ దేశముననున్నను బండి కడిగి ఆయుధపూజ చేయుట మానము. ఈ యేడు చక్రముల క్రింద నిమ్మకాయలు పెట్టుటకు ముందు బానెట్టు తెరచి, బ్యాటరీపై తయారైన తేదీ చదువుడు; నాలుగేండ్లు దాటియున్నచో మరునాడే పరీక్ష చేయించుడు. పలు విడిభాగముల దుకాణములలో దానికి రుసుము పుచ్చుకొనరు.