అసలు పద్దు

హోసూరులో మా ఇంటి అటక మీద ఒక రేకుపెట్టె ఉంది. అందులో పదకొండు కాసెట్లు. 1994లో బ్యాంకులో చేరిన కొత్తల్లో, రెండో నెల జీతంతో టేప్ రికార్డరు కొని, అమ్మ రాగులు విసురుతూ పాడే పాటలు అందులోకి ఎక్కించాను. అమ్మకు చదువు రాదు. ఆ పాటలు ఏ పుస్తకంలోనూ లేవు. 2003లో ఆమె పోయింది.

2021లో వాటిని కంప్యూటరులోకి ఎక్కించే పని పెట్టుకున్నాను. టేప్ రికార్డరు నుంచి కంప్యూటరుకు ఒక తీగ, ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేరు ఉంటే చాలు. కాకపోతే గంట కాసెట్టుకు గంటా పడుతుంది. నేను మీట నొక్కి పక్క గదిలోకి పోయి పేపరు చదువుకునేవాణ్ని. అలా వచ్చినవి వేవ్ ఫైళ్లు. సెకనుకు 44,100 సార్లు శబ్దాన్ని కొలిచి, కొలిచిన ప్రతిదాన్నీ రాసి పెట్టుకునే పద్ధతి అది. గంటకు సుమారు 630 మెగాబైట్లు. మొత్తం దాదాపు 7 గిగాబైట్లు.

ఇంత బరువు చెల్లెలి ఫోనుకు ఎలా పంపేది? ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే మరో ఉచిత సాఫ్ట్‌వేరు ఉంది. ఒక్క వరుస ఆదేశం రాసిస్తే ఫోల్డరులో ఉన్న ఫైళ్లన్నిటినీ వరుసగా ఎంపీ3లుగా మార్చేస్తుంది. సెకనుకు 32 కిలోబిట్లు చాలనుకున్నాను. కాఫీ తాగి వచ్చేసరికి పదకొండూ అయిపోయాయి. 7 గిగాబైట్లు 160 మెగాబైట్లకు దిగాయి. ఆదా చూసి మురిసిపోయి, ఆ ఊపులోనే వేవ్ ఫైళ్లను చెరిపేశాను.

మర్నాడు చెల్లెలు ఫోను చేసింది. "అన్నా, గొంతు అమ్మదే. రాయి చప్పుడేదీ? అమ్మ నీళ్లలో కూర్చుని పాడినట్టుందే!" అంది.

నేనూ విన్నాను. నిజమే. విసుర్రాయి గరగర లేదు, గాజుల చప్పుడు లేదు. ఎంపీ3 చేసే పనే అది. పెద్ద చప్పుడు వెనక చిన్న చప్పుడు మన చెవికి ఆనదన్న లెక్క మీద కొంత వదిలేస్తుంది. మరీ తక్కువ బిట్లు ఇస్తే, చెవికి ఆనేదాన్ని కూడా వదిలేస్తుంది. మళ్లీ వేవ్‌గా మార్చి చూశాను. ఫైలు 630 మెగాబైట్లకు ఉబ్బింది గానీ, పోయిన చప్పుడు తిరిగి రాలేదు.

బి.కాం. చదివినవాణ్ని, ఈ సంగతి నాకు ముందే తట్టవలసింది. మా శాఖలో పాత లెడ్జర్లను కంప్యూటరులోకి మార్చినప్పుడు ఖాతాకొక్క నిల్వ మాత్రమే ఎక్కించాం. ఎవరు ఎప్పుడు ఎంత కట్టారో పాత లెడ్జరులోనే ఉండిపోయింది. అందుకే వాటిని పారేయలేదు. నిల్వ చూసి పద్దులు రాయడం ఎవరికి సాధ్యం? ఆఫీసులో పాటించిన జాగ్రత్త ఇంట్లో పాటించలేదు.

కాసెట్లు ఇంకా ఉన్నాయి కదా అని పెట్టె దించాను. టేప్ రికార్డరుకు రబ్బరు బెల్టు మార్పించాను. తొమ్మిది పలికాయి. రెండింటికి బూజు పట్టి టేపు అంటుకుపోయింది, విప్పబోతే తెగింది. ఆ రెండు గంటలకూ ఇప్పుడు నా దగ్గర మిగిలింది ఆ నీళ్లలో గొంతే.

ఈసారి పక్క గదిలోకి పోలేదు. తొమ్మిది గంటలూ కూర్చుని విన్నాను. ఐదో కాసెట్టు చివర్లో పాట ఆపి అమ్మ నాతో అంటుంది, "ఇంగ చాలు నాయనా, ఆపు. కరెంటు దండగ." ఆ మాట అందులో ఉందని అంతవరకూ నాకు తెలియదు.

కొత్త వేవ్ ఫైళ్లను ఫ్లాక్‌గా మార్చాను. అది దేన్నీ వదలదు, బీరువాలో బట్టలు మడిచిపెట్టినట్టు చోటు మాత్రం తగ్గిస్తుంది. దాదాపు సగానికి వచ్చింది. కావాలంటే మళ్లీ అచ్చంగా వేవ్ చేసుకోవచ్చు. వాటిని రెండు వేర్వేరు డిస్కుల్లో దాచి, ఒకటి చెల్లెలి ఇంట్లో ఉంచాను. ఫోనులకు పంపడానికి ఫ్లాక్ నుంచే 128 కిలోబిట్ల ఎంపీ3లు తీశాను. గంటకు 58 మెగాబైట్లలోపే. ఎంపీ3 నుంచి మరో ఎంపీ3 మాత్రం తీయను. నకలుకు నకలు తీస్తే ప్రతిసారీ కొంత పోతుంది.

మా మేనకోడలు తమిళ మాధ్యమంలో చదివింది. తమిళనాడులో 2006 చట్టంతో ఒకటో తరగతి నుంచి తమిళం తప్పనిసరి అయ్యాక, మా వైపు చాలామంది పిల్లల్లాగే తనూ తెలుగు మాట్లాడుతుంది, చదవలేదు. నేను రాసి ఇచ్చినా ఆ పాటలు తనకు అందవు. వినగలదు, అంతే. అందుకే ప్రతి పాటకు ముందు నా గొంతుతో రెండు మాటలు చెప్పి కలిపాను, ఇది ఏ పని చేస్తూ పాడేది, అమ్మ ఎవరి దగ్గర నేర్చుకుంది అని.

మీ ఇళ్లలోనూ ఇలాంటి పెట్టెలు ఉండే ఉంటాయి. బూజు పట్టకముందే దించండి. కంప్యూటరు మార్పిడి నిమిషాల్లో చేస్తుంది. చెరిపేసే ముందు మాత్రం ఒకసారి పూర్తిగా కూర్చుని వినండి.