వీసా రాలేదు, అప్పీల్ ఎవరికి పెట్టాలి?



మా పెనుబల్లి దగ్గర ఒక వాడలో చెల్లెలికి బ్రిటన్ స్టూడెంట్ వీసా రిజెక్ట్ అయింది. "అప్పీల్ లేదమ్మా, మళ్ళీ ఫీజు కట్టి అప్లై చేద్దాం" అన్నాడంట ఏజెంటు. సగమే నిజం. ఇప్పుడు స్టూడెంట్ వీసాకు ట్రిబ్యునల్‌కు పోయే అప్పీల్ లేదు. అడ్మినిస్ట్రేటివ్ రివ్యూ ఉంది. మన దేశం నుంచి అప్లై చేసినోళ్ళు నిర్ణయం అందిన 28 రోజుల్లో 80 పౌండ్లు కట్టి ఆన్‌లైన్‌లో పెట్టుకోవచ్చు. (మళ్ళీ అప్లై చేస్తే ఏజెంటుకు మళ్ళీ గిరాకీ. అది వేరే ముచ్చట.)

లెటర్ కూర్చుని చదివాం. డబ్బు వరసగా 28 రోజులు ఖాతాలో లేదని అధికారి రాశాడు. ఉంది. స్టేట్‌మెంట్ రెండో పేజీ చూడలేదాయన. ముందు ఇచ్చిన కాగితాల మీద అధికారి చేసిన తప్పు చూపడమే రివ్యూ. కొత్త కాగితాలు మామూలుగా తీసుకోరు. అందుకే మా కష్టాలేవీ రాయలేదు. పేజీ నెంబరు, తేదీ, నిల్వ, అంతే. అలా రాయడం నాకే కష్టమైంది.

వాళ్ళమ్మ మాత్రం బెదరలేదు. పోడు పట్టా కోసం తిరిగిన మనిషి. 2006 అటవీ హక్కుల చట్టం కింద ఎస్టీలు కాని మనం 2005 డిసెంబర్ 13కు ముందు మూడు తరాలు, అంటే 75 ఏళ్ళు, అక్కడే బతికినట్టు చూపాలి. గ్రామసభ తీర్మానం మీద 60 రోజుల్లో సబ్ డివిజన్ కమిటీకి పోవచ్చు. ఆమె పోయింది కూడా.

"అక్కడ తాతల నాటి కాగితం అడిగారు. ఇది ఇరవై ఎనిమిది రోజులదేగా, పెట్టు బిడ్డా" అంది.

23వ రోజు పంపాం. జవాబు రావాలి.

అమెరికా 214(బి) గురించి అడిగే తమ్ముళ్ళూ, దానికి అప్పీల్ లేదు, మళ్ళీ అప్లై చేయడమే. బ్రిటన్ లెటర్ వచ్చినోళ్ళు మాత్రం మెయిల్ తేదీ ముందు రాసి పెట్టుకోండి.