బొగ్గు కొండల్లో బండి షికారు

ఆ ఊళ్లో సోడా దుకాణం ముందు కార్లు తక్కువ. బురద కొట్టుకుపోయిన నాలుగు చక్రాల బండ్లే ఎక్కువ. హెల్మెట్ చంకలో పెట్టుకుని అరవై ఏళ్ల తాతలూ, పదేళ్ల మనవళ్లూ ఐస్‌క్రీమ్ కోసం ఒకే వరసలో నిలబడతారు. పెట్రోలు బంకు దగ్గరా అంతే, హోటల్ దగ్గరా అంతే. అడవిలో తిరగాల్సిన బండ్లు దర్జాగా వీధుల్లో తిరుగుతున్నా పోలీసు ఏమీ అనడు. అక్కడ అది చట్టం ఒప్పుకున్న పనే మరి!

ఆ ఊరి పేరు బ్రామ్‌వెల్. అమెరికాలోని వెస్ట్ వర్జీనియా రాష్ట్రంలో దక్షిణపు కొసన, బ్లూస్టోన్ నది వంపులో ఒదిగి ఉంటుంది. 2020 లెక్కల ప్రకారం జనాభా మూడు వందల లోపే. కానీ వీధుల్లోకి వెళ్తే రాజభవనాల్లాంటి ఇళ్లు కనిపిస్తాయి. ఒకప్పుడు బొగ్గు గనుల యజమానులు కట్టుకున్న ఇళ్లవి. ఇంత చిన్న ఊళ్లో అంతమంది లక్షాధికారులు దేశంలో ఇంకెక్కడా లేరని ఆ రోజుల్లో చెప్పుకునేవారట.

మా పెద్దమ్మ కొడుకు షార్లెట్‌లో ఓ బ్యాంకులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. అక్కడి నుంచి ఈ ఊరికి కారులో మూడు గంటలు చాలు. ఆకులు ఎర్రబడే అక్టోబరులో అన్నయ్య, వదిన, ఇద్దరు పిల్లలతో కలిసి బయల్దేరాం. వెనక ట్రైలర్ మీద అన్నయ్య ముచ్చటపడి కొనుక్కున్న ఏటీవీ. అంటే ఆల్ టెర్రైన్ వెహికల్. రాళ్లు, బురద, వాగులు... ఎక్కడైనా నడిచే బండి. వర్జీనియా సరిహద్దు దగ్గర రోడ్డు ఈస్ట్ రివర్ కొండ కిందికి దూరుతుంది. మైలు పొడవు దాటిన ఆ సొరంగంలోకి ఒక రాష్ట్రంలో వెళ్లి ఇంకో రాష్ట్రంలో తేలతాం. పిల్లలకు అదే పెద్ద వింత!

గనులు మూతపడ్డాక...

ఈ ప్రాంతపు బొగ్గుకు పోకహాంటస్ బొగ్గని పేరు. పొగ తక్కువ, వేడి ఎక్కువ. అందుకే అమెరికా నౌకాదళం ఏరికోరి వాడుకునేది. 1883లో మొదటి సరుకు రైలెక్కింది. ఆ తర్వాత కొండకో గని, గనికో ఊరు పుట్టుకొచ్చాయి. బ్రామ్‌వెల్‌కు పక్కనే ఉన్న మెక్‌డోవెల్ కౌంటీలో 1950 నాటికి దాదాపు 99 వేల మంది ఉండేవారు. యంత్రాలొచ్చి మనుషుల అవసరం తగ్గింది. 1980ల్లో ఉక్కు కంపెనీ గ్యారీ అనే ఊళ్లోని గనులు వదిలేసి వెళ్లిపోయింది. 2020 లెక్కల్లో ఆ కౌంటీ జనాభా 19 వేల చిల్లర. అధ్యక్షుడు కెన్నెడీ కాలంలో, 1961లో పేదలకు ఆహార కూపన్లిచ్చే పథకాన్ని ప్రయోగాత్మకంగా మొదలుపెట్టినప్పుడు మొదటి కూపన్లు అందుకున్నది ఈ కౌంటీ కుటుంబమే. దేశానికి వెలుగూ వేడీ ఇచ్చిన చోట పొయ్యి వెలగని పరిస్థితి!

మరి గనులు పోయాక మిగిలిందేమిటి? కొండలు. ఆ కొండల మీద బొగ్గు కోసం, కలప కోసం వేసిన పాత దారులు. వాటినే పెట్టుబడిగా మార్చుకోవచ్చన్న ఆలోచన వచ్చింది. 1996లో రాష్ట్ర శాసనసభ దానికోసం ఓ సంస్థను ఏర్పాటు చేసింది. 2000 అక్టోబరులో దారులు తెరిచారు. పేరు హాట్‌ఫీల్డ్-మెక్‌కాయ్ ట్రయిల్స్. టగ్ ఫోర్క్ నదికి అటూ ఇటూ ఉంటూ 19వ శతాబ్దంలో తరతరాల పగతో ఒకరినొకరు చంపుకున్న రెండు కుటుంబాల పేర్లివి. ఇప్పుడా పేరు చెప్పుకునే ఊళ్లు అతిథుల్ని పిలుస్తున్నాయి. మొత్తం దారుల పొడవు వెయ్యి మైళ్లు దాటింది. వచ్చేవాళ్లలో ఎక్కువమంది ఇతర రాష్ట్రాలవాళ్లే. వాళ్ల కోసం పాత ఇళ్లు బస కేంద్రాలయ్యాయి. మూతపడ్డ ఊళ్లలో మళ్లీ టిఫిను హోటళ్లు, మరమ్మతు షెడ్లు తెరుచుకున్నాయి.

దారులకు రంగులుంటాయి. ఆకుపచ్చ గుర్తయితే తేలిక. నీలం కాస్త కష్టం. నలుపైతే చేయి తిరిగినవాళ్లకే. వదిన, పిల్లలు, నేను సీటు బెల్టులున్న అద్దె బండిలో. అన్నయ్య తన ఏటీవీ మీద ముందు.

పొగ ఎక్కడిది?

ఆ బండి గురించి కొంచెం చెప్పాలి. కొన్నప్పుడు దానికి 26 అంగుళాల టైర్లుండేవి. స్నేహితుల బండ్లు చూసి 30 అంగుళాలవి వేయించాడు. అవి ఒరుసుకోకుండా రెండు అంగుళాల లిఫ్ట్ కిట్ పెట్టించి బండి ఎత్తు పెంచాడు. నిలబడి ఉంటే ఏనుగు పిల్లలా ఉంది. అమ్మిన దుకాణంవాళ్లు టైర్లకూ, కిట్‌కూ డబ్బు తీసుకున్నారు. క్లచ్ మాట మాత్రం ఎత్తలేదు.

మొదటి గంట హాయిగా గడిచింది. తర్వాత నీలం దారిలో నిటారుగా ఓ ఎక్కుడు వచ్చింది. అన్నయ్య ఎంత యాక్సిలరేటర్ ఇచ్చినా ఇంజిన్ మూలుగుతోందే తప్ప బండి ముందుకు దూకడం లేదు. వెనకున్న మాకు రబ్బరు కాలిన వాసన.

‘‘ఏమండీ, పొగ వస్తోంది, ఆపండి!’’ వదిన అరిచేలోపే టప్పుమని శబ్దం. ఇంజిన్ మోగుతూనే ఉంది. చక్రాలు మాత్రం తిరగడం లేదు. ఇలాంటి బండిలో బెల్టు తెగితే ఇంజిన్ చక్రాలను పట్టి ఆపదు. మిగిలేది బ్రేకులొక్కటే. నిలబడిన బండి వెనక్కి జారడం మొదలైంది. పక్కన లోయ. అన్నయ్య బ్రేకు బిగించి, బండిని మెల్లగా గట్టువైపు ఒరిగించి ఆపాడు. అర నిమిషంలో అయిపోయింది. అంతసేపూ వదిన పిల్లలిద్దరి భుజాలూ వదల్లేదు.

ఫోను సిగ్నల్ లేదు. ఒహాయో నుంచి వచ్చిన ఓ బృందం మమ్మల్ని చూసి ఆగింది. ఒక్క మాటా అడక్కుండా తాడు తీసి, బండిని కట్టి, కింద ఊళ్లో ఉన్న షెడ్డు దాకా దించారు. కాఫీకి డబ్బులిస్తామన్నా తీసుకోలేదు.

మన స్కూటర్లో ఉన్నదే

ఆ షెడ్డులో మెకానిక్ అరవై దాటిన మనిషి. గనిలో బొగ్గు మోసే కన్వేయర్ బెల్టుల మరమ్మతు చేసేవాడట. గని మూతపడ్డాక ఈ బెల్టుల పని పట్టుకున్నాడు. బండి వంక ఓసారి చూసి ‘‘టైరు ఎంత?’’ అన్నాడు. ముప్ఫై అనగానే ఇంకేమీ అడక్కుండా ఇంజిన్ పక్కనున్న ప్లాస్టిక్ మూత విప్పాడు. లోపల బెల్టు దారాలు కుచ్చుకుచ్చుగా చుట్టుకుని ఉన్నాయి.

అక్కడ కనిపించింది మనకు కొత్తదేమీ కాదు. గేర్లు లేని యాక్టివా, కైనెటిక్ హోండా ఎలా నడుస్తాయో ఈ బండీ అలాగే నడుస్తుంది. రెండు పుల్లీలు, మధ్యలో ఓ రబ్బరు బెల్టు. ముందు పుల్లీ ఇంజిన్‌కు, వెనక పుల్లీ చక్రాల వైపు ఉంటాయి. ముందు పుల్లీలో చిన్నచిన్న బరువులు, ఓ స్ప్రింగు. ఇంజిన్ జోరందుకున్న కొద్దీ ఆ బరువులు బయటికి విసురుకుని, పుల్లీ పళ్లేలను దగ్గరికి నొక్కుతాయి. బెల్టు పైకి పాకుతుంది. అంటే బండి తనంతట తనే పై గేరుకు మారుతున్నట్టు. వెనక పుల్లీలోని స్ప్రింగు దానికి ఎదురు నొక్కుతూ, ఎక్కుడు రాగానే కింది గేరుకు దించుతుంది. మంచు మీద నడిచే స్నోమొబైళ్లలో పేరు తెచ్చుకున్న పద్ధతి ఇది. అవే తయారుచేసే పొలారిస్ కంపెనీ 1985లో తన మొదటి ఏటీవీని బెల్టుతోనే తెచ్చింది.

ఆ బరువులూ, స్ప్రింగులూ కంపెనీ ఇచ్చిన టైరుకు తగ్గట్టు లెక్కగట్టినవి. టైరు మారితే లెక్క తప్పుతుంది. 26 అంగుళాల టైరు ఒక చుట్టుకు 207 సెంటీమీటర్లు కదిలితే, 30 అంగుళాలది 239 సెంటీమీటర్లు కదులుతుంది. సైకిల్‌కు వెనక పళ్ల చక్రం చిన్నది వేసి ఎక్కుడు తొక్కినట్టే! నేల దగ్గర లాగే బలం సుమారు 13 శాతం తగ్గుతుంది. పైగా పెద్ద టైరు బరువూ ఎక్కువే. ఆ బరువంతా అంచున ఉంటుంది కాబట్టి తిప్పడం ఇంకా కష్టం. ఇంజిన్ అందుకోలేక నీరసపడుతుంది, బెల్టు పుల్లీ మీద జారుతుంది, జారితే కాలుతుంది.

‘మరి ఇంకా పెద్ద ఇంజిన్ కావాలా?’ అని అన్నయ్య అనుమానం. అక్కర్లేదన్నాడు మెకానిక్. ముందు పుల్లీలో పాత బరువులు తీసి కాస్త తేలికవి వేశాడు. అవి ఆలస్యంగా విసురుకుంటాయి కాబట్టి బండి కింది గేరులో ఇంకొంచెం సేపు ఉంటుంది. ఇంజిన్ తన పూర్తి బలం చూపే వేగం దాకా వెళ్లగలుగుతుంది. వెనక పుల్లీలో గట్టి స్ప్రింగు వేశాడు. అది బెల్టును గట్టిగా పట్టుకుంటుంది, ఎక్కుడు రాగానే చప్పున కింది గేరుకు దించుతుంది. పుల్లీల మీద అంటిన రబ్బరు మసి తుడిచి, కొత్త బెల్టు వేశాడు. బరువులు మరీ తేలికైనా ప్రమాదమేనట. ఇంజిన్ ఊరికే అరుస్తుంది, పెట్రోలు తాగుతుంది. అందుకే మీటరు పెట్టి నడిపి చూశాడు. మళ్లీ విప్పాడు. బరువులు మార్చాడు. మళ్లీ నడిపాడు. ఇంజిన్ వేగం సరైన అంకె దగ్గర నిలబడటానికి మూడుసార్లు పట్టింది.

ఎత్తు ఎంతవరకు?

క్లచ్ పని అయ్యాక ఆయన వేలు లిఫ్ట్ కిట్ వైపు చూపించింది. ఎత్తు పెంచడం వల్ల క్లచ్‌కు బరువు పెరగదు. కానీ చక్రాలకు శక్తినిచ్చే యాక్సిళ్లు ఏటవాలుగా తిరగాల్సి వస్తుంది. వాటి కీళ్ల దగ్గరి రబ్బరు తొడుగు అప్పటికే ఒరుసుకుని పలచబడింది. అది చిరిగితే గ్రీజు పోయి మట్టి చేరుతుంది, కీలు అరిగిపోతుంది. అంతకన్నా ముఖ్యం... బండి ఎత్తు పెరిగితే బరువు కేంద్రం పైకి పోతుంది. పక్కవాలు దారిలో బోల్తా పడే అవకాశం పెరుగుతుంది. ఈ కొండల్లో పక్కవాలు లేని దారి అరుదు.

టైరు నాలుగు అంగుళాలు పెరిగితే నేలకూ బండికీ మధ్య ఖాళీ పెరిగేది అందులో సగమే, అంటే రెండంగుళాలు. ఆకుపచ్చ, నీలం దారులకు ఆ మాత్రం కూడా అక్కర్లేదు, కంపెనీ టైర్లే చాలు. లోతు బురదలో ఆడుకునేవాళ్లకే ఆ ఎత్తులు. మెకానిక్ ఈ మాట చెప్పి ఊరుకున్నాడు. అన్నయ్య చాలాసేపు బండి చుట్టూ తిరిగాడు. పోసిన డబ్బు మరి! చివరికి వదిన మొహం చూసి, ‘‘తీసేయండి’’ అన్నాడు. లిఫ్ట్ కిట్ తీసేశాక ముప్ఫై అంగుళాల టైర్లు ఒరుసుకుంటాయి కాబట్టి షెడ్డులో ఉన్న 28 అంగుళాల పాత జత వేయించుకున్నాడు. టైరు మారింది కదా, మెకానిక్ మళ్లీ మూత విప్పి బరువులు ఇంకోసారి సరిచూశాడు. అన్నింటికీ కలిపి అయిన ఖర్చు కొన్ని వందల డాలర్లు. ‘‘ఇదే ముందు చేయించి ఉంటే బెల్టు మిగిలేది’’ అన్నది వదిన లెక్క.

మర్నాడు అదే ఎక్కుడు. కింద ఆగి, గేరు ‘లో’లో పెట్టి, నెమ్మదిగా బయల్దేరాడు. బండి ఆగలేదు, వాసన రాలేదు. కొండ మీద నుంచి చూస్తే కింద లోయలో రైలు పట్టాలు, పాత గని కట్టడాలు, వాటి మధ్య నాలుగైదు ఇళ్ల ముందు బురద బండ్లు కనిపించాయి. సోమవారం ఉదయం షెడ్డు తలుపు తెరవడానికి ఆ మెకానిక్‌కూ, గదులు ఊడ్చుకోవడానికి ఆ బస యజమానులకూ మళ్లీ ఓ కారణం దొరికిందంటే ఆ బండ్ల వల్లే.

వెళ్లాలనుకుంటే...

దారులు ఏడాది పొడవునా తెరిచే ఉంటాయి. మనిషికో పర్మిట్ కొనాలి. హెల్మెట్ అందరికీ తప్పనిసరి, సీటు బెల్టులున్న బండిలో కూర్చున్నా సరే. ఒకరి కోసం చేసిన బండి మీద ఇద్దరు ఎక్కకూడదు. సొంత బండి లేకపోతే అద్దెకు దొరుకుతుంది. బ్రామ్‌వెల్‌లో పాత రైల్వే స్టేషన్ నమూనాలో కట్టిన బొగ్గు చరిత్ర కేంద్రం చూడండి. అక్కడికి దగ్గర్లోనే వర్జీనియావైపున్న పోకహాంటస్‌లో 13 అడుగుల మందం బొగ్గు పొరను గని లోపలికి వెళ్లి చూడొచ్చు.

సొంత బండి తీసుకెళ్లేవాళ్లు కొన్ని గుర్తుంచుకోవాలి. టైరు మారిస్తే క్లచ్ లెక్క కూడా సరిచూపించుకోవాలి. కొత్త బెల్టు వేసిన రోజు బండిని నెమ్మదిగా నడపాలి. రాళ్ల ఎక్కుళ్లలో ‘లో’ గేరు మరిచిపోకూడదు. రబ్బరు వాసన వస్తే అక్కడే ఆగి చల్లారనివ్వాలి. సీటు కింద ఓ అదనపు బెల్టు, దాన్ని మార్చే పనిముట్లు ఉంచుకోవాలి. ఆ కొండల్లో తాడు విసిరే మంచివాళ్లకు కొదవ లేదు కానీ, వాళ్లు వచ్చేదాకా బ్రేకు పట్టుకుని కూర్చోవాల్సింది మనమే.