పొదుపు పుస్తకము

కొవ్వూరునకు దిగువన కాలువగట్టున నున్న యొక పల్లె మా జన్మస్థానము. మా యింటివారిది ఎకరము కౌలుసేద్యము. ఆకుమడిలో నారు తీయుట, ఊడ్పులు, కలుపులు, కోతలనాడు పనలు కట్టుట, ఇవన్నియు మా తల్లిగారి చేతి పనులే. అయినను కౌలుమాటయు, అప్పుపద్దును మా తండ్రిగారి పేరనే జరుగుచుండెను. మీ యింట రైతెవరని యెవరైన నడిగినచో మేమును తండ్రిగారినే చూపెడివారము. ఆ తలంపు తప్పని మాకు తెలిసిన విధమును ఇందు విన్నవించుచున్నాము.

మన డెల్టాకు నీరు తెచ్చిన ధవళేశ్వరపు ఆనకట్టను కాటను దొర 1847లో నారంభించి 1852 నాటికి ముగించెను. ఆ ధవళేశ్వరముననే 1874లో వీరేశలింగము పంతులుగారు బాలికా పాఠశాలను స్థాపించిరి. నీరు మా పొలములకు త్వరగనే వచ్చెను గాని, చదువు మా తల్లిగారి వఱకు వచ్చుటకు నూఱేండ్లకు పైగా పట్టెను.

1990 తరువాత నెల్లూరు జిల్లాలో అక్షరాస్యతోద్యమము సాగెను. అందు రాత్రిబడులకు పోయిన దూబగుంట స్త్రీలు 1992లో తమ యూరి సారా యమ్మకమును నిలిపిరి. ఆ యుద్యమము రాష్ట్రమంతట వ్యాపింపగా 1993 అక్టోబరులో ప్రభుత్వము సారాను నిషేధించెను. సారాకు పోవు ధనము మిగిలినచో దినమున కొక రూపాయి కూడబెట్టవచ్చునను మాట ఊరూరికి ప్రాకెను. మా యూరను 15 మంది స్త్రీలు పొదుపు సంఘముగా నేర్పడిరి. అప్పుడు మేము ఎనిమిదవ తరగతి. వారిలో చదువ నేర్చినవారు లేకుండుటచే లెక్కల పుస్తకము మా కప్పగింపబడెను. ప్రతి శనివారము దీపము పెట్టిన వేళ అరుగుమీద కూర్చుండి వ్రాయుచుండగా, అందఱి కన్నులును మా కలము వంకనే యుండుటచే మాకు గర్వ మధికమయ్యెను.

ఒక శనివారము మా మనస్సు ఆటలమీద నుండెను. ఒక వితంతువు చెల్లించిన ఏబది రూపాయల వాయిదాను, అదే పేరుగల వేఱొకామె పద్దులో వేసితిమి. నెల తిరుగునప్పటికి ఆమె బాకీ పడినట్లు పుస్తకము చెప్పెను. ఆమె బిడ్డలమీద ఒట్టుపెట్టుకొనెను. పుస్తకములో లేదు గదా యని తక్కినవారు తలలు వంచుకొనిరి. సార్వా విత్తనములకు ఆమె కోరిన అప్పు నిలిచిపోయెను. ఆ రాత్రియే మేము తప్పు కనుగొంటిమి గాని భయముచే రెండు దినములు నోరు మెదపలేదు. ఆమె మా వాకిట నడచునపుడెల్ల లోపలికి తొలగిపోయితిమి. మూడవనాడు తల్లిగారితో చెప్పి యేడ్చితిమి.

వారు మమ్ము కొట్టలేదు. సంఘము వారినందఱిని పిలిపించి, వారి యెదుట మాచేతనే తప్పు చెప్పించిరి. పిమ్మట నిట్లనిరి: "తప్పు నీదొక్కడిదే కాదురా నాయనా. మా డబ్బు లెక్క మేం చదువుకోలేకపోవడం కూడా తప్పే. ఇకనించి నువ్వు రాయొద్దు, మాకు నేర్పు."

నాటినుండి మా పలకయే వారి పలక యయ్యెను. ఊడ్పులలో నానిన వ్రేళ్లకు బలపము లొంగుటకు చాలకాలము పట్టెను. రెండేండ్లకు పుస్తకమును వారే వ్రాసికొనిరి. మొదటి పుట మీద ఆ వితంతువు తన పద్దును తానే వ్రాసికొనెను. క్రమముగా వారు ఎరువు సంచిమీద అచ్చయిన ధరను చదివి అంగడివానిని ప్రశ్నింపసాగిరి. ఒకరికొకరు పూచీపడి బ్యాంకు అప్పు తెచ్చికొనిరి. 2016లో మన రాష్ట్రమున ప్రకృతి సేద్యమును ప్రచారము చేయుటకు ప్రభుత్వము పూనుకొన్నప్పుడు ఇట్టి మహిళా సంఘములే దానికి ఆధారములయ్యెను. జీవామృతము కలుపు పాళ్లను మా తల్లిగారు తమ నోటుపుస్తకములో వ్రాసికొనిరి.

2019లో సాగుదారుల హక్కుల చట్టము వచ్చెను. యజమాని సమ్మతితో 11 నెలల ఒప్పందము వ్రాసికొన్నవారికి, భూమిపై హక్కు కోరకయే, పంటఋణము మున్నగునవి పొందుటకు అది దారి చూపెను. మా భూయజమాని మొదట సంతకమునకు వెనుదీసెను. సంఘము వారందఱును కలసి పోయి, చట్టములోని మాటలను చదివి వినిపించిన పిమ్మట సమ్మతించెను. సాగుదారు పేరు అను చోట ఏమి వ్రాయవలెనని అడుగగా, తండ్రిగారు మాటాడక కలమును తల్లిగారి చేతికిచ్చిరి. వారు నెమ్మదిగా తమ పేరు వ్రాసిరి. ఆ సంఘములోనే యింకను పలువురికి ఆ పత్రము చేతికి రాలేదు. వారికొఱకు మా తల్లిగారు తిరుగుచునే యుండిరి.

విద్యార్థులారా, మీ యింట చదువ నేర్చినది మీరొక్కరే కావచ్చును. అది మాకువలె మీకును గర్వకారణముగా తోచవచ్చును. పెద్దలకు చదివిపెట్టుట మంచిదే. కాని వారికి చదువ నేర్పుట అంతకంటె మంచిది. ఈ సెలవులలో మీ పలకను ఒక్కసారి మీ తల్లిగారి చేతికిచ్చి చూడుడు.