లోకం చూడకముందే మనం చూసుకోవాలి

ప్రవేశాలు ఎప్పుడు మొదలవుతాయి? ఏ వయసు పిల్లలను చేర్చుకుంటారు? వసతిగృహ నియమాలేమిటి? ఈ మూడు ప్రశ్నలు అడగడానికి దూరపు పల్లెల తల్లిదండ్రులు ఒకరోజు కూలి వదులుకుని మా మదరసాకు వస్తూంటారు. వారి ప్రయాస తప్పించేందుకు ఒక వెబ్‌సైట్ ఉండాలని కమిటీ పెద్దలు తీర్మానించారు. బయటివారికి డబ్బిచ్చి చేయించే స్తోమత మాకు లేదు. బాధ్యత నాకప్పగించారు. అరబీ వ్యాకరణం, ఫిఖహ్ బోధిస్తూ యాభై దాటిన నేను, కంప్యూటర్ విద్య నేర్చిన నా పూర్వ విద్యార్థి దగ్గర శిష్యుడిగా కూర్చున్నాను.

"హజ్రత్! వెబ్‌సైట్ తయారు చేయడానికి ఇంటర్నెట్ అక్కర్లేదు. దాన్ని లోకానికి చూపడానికే కావాలి" అన్నాడతను. నెట్ సరిగా అందని మా మదరసాకు ఇది శుభవార్తే. వెబ్ పేజీ అంటే హెచ్‌టీఎంఎల్ గుర్తులతో రాసిన మామూలు అక్షరాల ఫైలు. విండోస్‌లో ఉండే నోట్‌ప్యాడ్‌లో రాసినా బ్రౌజర్ దాన్ని తెరిచి చూపిస్తుంది.

పనిముట్లు ఎంచుకునేటప్పుడు మేము మూడు షరతులు పెట్టుకున్నాము: ఉచితంగా లభించాలి, పాత కంప్యూటర్‌పై నడవాలి, చేసిన పని మాకు అర్థం కావాలి. బొమ్మలు లాగి అతికిస్తే పేజీని తానే రాసిపెట్టే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. అవి పని త్వరగా ముగిస్తాయి గాని, రేపు ఒక తేదీ మార్చాలన్నా మళ్ళీ వాటి మీదనే ఆధారపడాలి. వీఎస్ కోడ్ ఉచితమే, శక్తివంతమే. అయితే మా యంత్రానికి బరువు. తేలికైన నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్ గుర్తులను వేరే రంగుల్లో చూపుతుంది గనుక దాన్నే తీసుకున్నాము. దరఖాస్తులు స్వీకరించే పేజీ కావాలంటే సొంత కంప్యూటర్‌నే సర్వర్‌గా మార్చే ఎగ్జాంప్ వంటిది అవసరమవుతుంది. సమాచారం మాత్రమే ఇచ్చే మా పేజీలకు దానితో పనిలేదు.

భాష విషయంలో ఒక జాగ్రత్త తప్పనిసరి. ఫైలును యూటీఎఫ్-8 పద్ధతిలో భద్రపరచి, ఆ సంగతి పేజీ మొదట్లోనే ప్రకటించాలి. లేదంటే తెలుగు అక్షరాలు పిచ్చిగీతలుగా కనిపించవచ్చు. కరపత్రాల కోసం పాత డీటీపీ ఫాంట్లలో కొట్టించిన తెలుగును యూనికోడ్‌లోకి మార్చాలి, లేదా తిరిగి టైపు చేయాలి. ఉర్దూ పేరాలకు కుడి నుండి ఎడమకు అనే ఆదేశం విడిగా ఇవ్వాలి.

ఇక పరీక్ష. హిఫ్జ్ విద్యార్థి తన సబక్‌ను ముందుగా ఉస్తాద్‌కు వినిపిస్తాడు. జమాఅత్ ముందు నిలబడేది ఆ తర్వాతే. పేజీకీ అదే నియమం. మొత్తం ఫోల్డర్‌ను పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, నెట్ లేని వేరొక కంప్యూటర్‌లో తెరవాలి. బొమ్మ కనిపించకపోతే దాని చిరునామా మన యంత్రానికో, నెట్‌కో ముడిపడి ఉందన్నమాట. ఫైళ్ళ పేర్లన్నీ ఆంగ్ల చిన్న అక్షరాల్లోనే ఉంచాలి. విండోస్ సాధారణంగా పెద్ద, చిన్న అక్షరాల తేడా పట్టించుకోదు. లినక్స్ సర్వర్లు పట్టించుకుంటాయి. క్రోమ్, ఫైర్‌ఫాక్స్ రెండింటిలోనూ చూడాలి. ఫైర్‌ఫాక్స్‌లో పేజీని ఫోను వెడల్పుకు కుదించి చూసే సదుపాయం ఉంది. తల్లిదండ్రులు చూసేది ఫోనులోనే కదా!

అన్నిటికన్నా ముఖ్యమైన పరీక్షకు ఏ సాఫ్ట్‌వేరూ లేదు. తేదీలు సరైనవేనా? పిల్లల ఫోటోలు గాని, ఇంటి ఫోను నంబర్లు గాని పొరపాటున చేరలేదు కదా? మన కంప్యూటర్‌లో ఉన్నంతవరకు ఒక్క క్షణంలో చెరిపివేయవచ్చు. ఒకసారి లోకం చేతికి వెళ్ళాక, మనం చెరిపినా ఇతరులు దాచుకున్న ప్రతులు మిగిలిపోవచ్చు. పిల్లలు మన దగ్గరున్న అమానతు. వారి వివరాలూ అంతే.

పాఠకులలో ఎవరైనా మస్జిద్‌కో, బడికో, చిన్న దుకాణానికో ఇలాంటి పని తలపెడితే ఖరీదైన సామగ్రి కోసం ఆగవద్దు. పాత కంప్యూటర్, రెండు ఉచిత సాఫ్ట్‌వేర్లు, ఒక పెన్‌డ్రైవ్ చాలు. ముగించాక ఆ పని తెలియని ఇంటివారొకరిని పిలిచి, ప్రవేశ తేదీ ఎక్కడుందో వెదకమనండి. వారు అడగకుండానే కనుక్కోగలిగితే, ఇన్షా అల్లాహ్, ఒక తండ్రికి ఒకరోజు కూలి మిగిలినట్లే.