మేకులు కూడా తూచారా, వదినగారూ?

వదినగారూ, మీ చిన్నవాడు జాన్ మ్యూర్ ట్రెయిల్ నడవబోతున్నాడని మీరు చెప్పినప్పటి నుంచీ నాకు అదే ధ్యాస. కాలిఫోర్నియాలో యోసెమిటీ లోయ దగ్గర మొదలుపెట్టి మౌంట్ విట్నీ శిఖరం దాకా దాదాపు 340 కిలోమీటర్ల నడక. ఆ శిఖరం ఎత్తే 4,421 మీటర్లు. చాలామందికి మూడు వారాలు పడుతుంది. దారిలో ఊళ్ళు తగలవు. ఇల్లు, వంటిల్లు, పక్క అన్నీ వీపుమీదే మోసుకెళ్ళాలి. "అంత బరువు ఎలా మోస్తాడే" అని మీరు దిగులుపడుతున్నారు కదా, ఆ దిగులు గురించే నాలుగు మాటలు చెబుదామని వచ్చాను. ఆ కుర్చీ ఇటు గోడ దగ్గరికి లాక్కోండి.

ఈ సంగతులు నాకెలా తెలుసంటారా? మా అమ్మాయి మ్యూనిక్‌లో బట్టల కంపెనీలో పనిచేస్తోంది కదా. కొండలెక్కేవాళ్ళ సామాను చూపించే పెద్ద ప్రదర్శన ఒకటి 2019లో ఆ ఊరికి మారింది. అంతకుముందు పాతికేళ్ళపాటు ఫ్రెడ్రిక్స్‌హాఫెన్ అనే సరస్సు ఒడ్డు ఊళ్ళో జరిగేది. అమెరికాలో అలాంటిదే ఔట్‌డోర్ రిటైలర్ అని ఉంది. 1982లో మొదలైంది, చాలా ఏళ్ళు సాల్ట్ లేక్ సిటీలో నడిచింది. బేర్స్ ఇయర్స్ అనే ప్రాంతాన్ని కాపాడే విషయంలో ఆ రాష్ట్ర నాయకులతో తగువొచ్చి 2018లో డెన్వర్‌కి వెళ్ళిపోయింది. 2023లో మళ్ళీ పాత ఊరికే వచ్చింది. మా అమ్మాయి అలాంటి ప్రదర్శనకి వెళ్ళొచ్చిందంటే మాకు గంటసేపు ఫోనే. నేనూ వదలను, అన్నీ అడుగుతాను. ఏ గుడ్డ, ఏ కుట్టు, ఎంత బరువు, ఎందుకు తగ్గింది అని.

ముందు ఒక సంగతి మీ అబ్బాయికి చెప్పండి. ఆ ప్రదర్శనలు దుకాణాలవాళ్ళ కోసం. వాళ్ళు వచ్చి నమూనాలు చూసుకుని ఆర్డర్లు రాసుకుంటారు. ఈ వేసవిలో బల్లమీద పెట్టిన టెంటు వచ్చే ఏడాది వసంతానికి గానీ కొట్లోకి రాదు. ఈలోగా గుడ్డ మారచ్చు, జిప్పు మారచ్చు, వాటితోపాటు బరువూ మారుతుంది. వీడియోలో చూసి మనసు పడ్డ వస్తువు కోసం ఎదురుచూస్తూ కూర్చుంటే అతని నడక తేదీ దాటిపోతుంది. నిరుడు చూపించినవి ఇప్పుడు కొట్లో ఉన్నాయి, వాటిని చేత్తో పట్టుకుని చూడమనండి.

రెండోది, చీటీమీద రాసిన బరువు. టెంటుకి రెండు బరువులు రాస్తారు. లోపలి గుడ్డ, పైకప్పు గుడ్డ, కర్రలు, ఈ మూడింటిదీ ఒకటి. మేకులు, తాళ్ళు, సంచీ అన్నీ కలిపితే వచ్చేది ఇంకొకటి. పెద్ద అక్షరాల్లో కనిపించేది సాధారణంగా మొదటిదే. మేకు ఒక్కోటి పది పన్నెండు గ్రాములనుకున్నా ఎనిమిది మేకులకి వంద గ్రాములు. ఇలాంటి దూరపు నడకలు నడిచేవాళ్ళు వంద గ్రాములు తగ్గించుకోవడానికి ఎంత డబ్బు పోస్తారో వింటే మీరు నోరు వెళ్ళబెడతారు. ఇంకో రకం టెంట్లకి కర్రలే ఉండవు. నడిచేటప్పుడు చేతిలో పట్టుకునే ట్రెక్కింగ్ పోల్స్‌నే నిలబెట్టి టెంటు కట్టుకోవాలి. ఒకే వస్తువుకి రెండు పనులు, నిజంగా తెలివైన పద్ధతి, నాకు చాలా నచ్చింది. కానీ మీ అబ్బాయికి ఆ పోల్స్‌తో నడిచే అలవాటుందా? లేకపోతే టెంటు కోసమే అవి కొనాలి, అప్పుడు తగ్గిన బరువు మళ్ళీ సంచీలోకి వచ్చి చేరుతుంది.

ఇప్పుడు గుడ్డ సంగతి. ఇది చెప్పకుండా ఉండలేను. డైనీమా అని ఒక నార ఉంది. పాలిథిలీన్‌తో చేస్తారు. బరువుకి బరువు పెడితే ఉక్కుకంటే చాలా రెట్లు గట్టిది, తూటాలు ఆపే కవచాల్లో కూడా వాడతారు. ఆ నార పోగుల్ని రెండు పల్చటి పొరల మధ్య పరిచి అతికించిన గుడ్డ మొదట తెరచాపల కోసం పుట్టింది. 1992లో అమెరికాస్ కప్ పడవ పందెం గెలిచిన జట్టు పేరు అమెరికా క్యూబ్డ్. ఈ గుడ్డకి క్యూబెన్ అన్న పాత పేరు ఆ జట్టు నుంచే వచ్చింది. సముద్రం మీది నుంచి ఆ గుడ్డ కొండమీదికి ఎక్కింది. టెంట్లకి వాడేదాంట్లో పల్చని రకం చదరపు మీటరుకి 17 గ్రాములే. అంటే మన ఆరు గజాల చీరంత గుడ్డ తీసుకుంటే మొత్తం వంద గ్రాములు దాటితే కాస్త దాటుతుంది. నీళ్ళు పీల్చదు, తడిసినా సాగదు. మరి ఇన్ని సుగుణాలకీ బదులు ఏమిచ్చారు? లాగితే చిరగదు గానీ రాతికి రాసుకుంటే అరిగిపోతుంది, ముల్లు గుచ్చుకుంటే చిల్లు పడుతుంది. వేడి తగలకూడదు, 150 డిగ్రీల లోపే కరిగిపోతుంది. స్టవ్వు టెంటు గుమ్మంలో పెట్టుకునే అలవాటుంటే మానుకోమనండి. ధర కూడా మామూలు టెంటుకి రెండింతలు పైనే.

నన్నడిగితే మీ అబ్బాయికి పాలియెస్టర్ టెంటు చాలు. వెనక అందరూ సిలికాన్ పూసిన నైలాన్ వాడేవారు. నైలాన్ రాత్రి మంచుకి చెమ్మ పీల్చి సాగుతుంది. బిగించి కట్టి పడుకున్న టెంటు తెల్లవారేసరికి వేలాడుతుంది, అర్ధరాత్రి లేచి తాళ్ళు మళ్ళీ బిగించాలి. పాలియెస్టర్ అలా సాగదు. ఈమధ్య కొత్తగా వచ్చే తేలిక టెంట్లు చాలావరకు దానివైపే మళ్ళాయి. డైనీమా కంటే కాస్త బరువు, ధరలో మాత్రం చాలా చవక.

పడక దగ్గరికి వద్దాం. స్లీపింగ్ బ్యాగుల్లో బాతుల నూగు నింపుతారు. ఒక ఔన్సు, అంటే 28 గ్రాముల నూగు, ఎన్ని ఘనపు అంగుళాల చోటు ఆక్రమిస్తే అంత అంకె వేస్తారు. 850 అని రాసుంటే ఆ 28 గ్రాములు విప్పారి దాదాపు 14 లీటర్ల చోటు తీసుకుంటాయన్నమాట. వెచ్చదనం ఆ నూగుది కాదు, దాని సందుల్లో కదలకుండా నిలిచిన గాలిది. అందుకే ఒంటి కింద నలిగిపోయిన నూగు వల్ల ప్రయోజనం లేదు. ఈ మాట పట్టుకుని కొందరు స్లీపింగ్ బ్యాగు అడుగుభాగమే తీసేసి దుప్పటిలా కప్పుకునే క్విల్టులు కుట్టారు. పావుకిలో, అరకిలో అక్కడే తగ్గిపోతుంది. అయితే నిద్రలో అటూ ఇటూ దొర్లేవాళ్ళకి పక్కనుంచి చలిగాలి దూరుతుంది. మీ చిన్నవాడు పడుకునే తీరు మీకే బాగా తెలుసు, మీరే చెప్పండి. అన్నట్టు, ఆ నూగు బతికున్న పక్షుల నుంచి పీకింది కాకూడదు. దానికో ప్రమాణం 2014లో వచ్చింది. చీటీమీద ఆర్.డి.ఎస్. అన్న గుర్తు చూసి కొనమనండి. పావలా ఎక్కువైనా ఆ గుర్తున్నదే కొనాలి.

కింద వేసుకునే పరుపుకి మంచి కథ ఉంది. 1970ల మొదట్లో సియాటిల్‌లో బోయింగ్ కంపెనీ వేలమందిని పనిలోంచి తీసేసింది. అలా పని పోయిన ఇంజనీర్లే థర్మ్-ఎ-రెస్ట్ అనే పరుపు కనిపెట్టారు. స్పాంజి చుట్టూ గాలి చొరబడని గుడ్డ అతికించి, మూత తిప్పితే దానంతట అదే గాలి పీల్చుకునేలా చేశారు. ఇప్పుడా స్పాంజి కూడా పోయింది. లోపల వేడిని వెనక్కి తిప్పే మెరుపు పొరలు పెట్టి, మనిషి పొడుగు పరుపు 350 గ్రాముల లోపుకి దించారు. అయితే ఈ పరుపుల్లో నాకు అన్నిటికంటే నచ్చిన కొత్త సంగతి ఒక కొలత. నేలచలిని ఎంత ఆపుతుందో చెప్పే ఆర్-వాల్యూ అనే అంకె ఉంటుంది. మొన్నమొన్నటిదాకా ఏ కంపెనీకి ఆ కంపెనీ తన పద్ధతిలో కొలుచుకుని రాసుకునేది. ఒకరి నాలుగు ఇంకొకరికి మూడే అయ్యేది. 2018లో అందరికీ ఒకే పరీక్ష ఖాయం చేశారు, 2020 నుంచి పెద్ద కంపెనీలు అదే వాడుతున్నాయి. కొనేవాడికి దీనికంటే మేలు చేసిన కొత్త వస్తువేదీ ఆ ప్రదర్శనల్లో రాలేదని నేను గట్టిగా అంటాను. పాత స్టాకు పరుపు చవగ్గా వస్తే దానిమీది అంకె ఏ ఏడాదిదో చూసి కొనమనండి.

గిన్నెలూ స్టవ్వుల గురించి పెద్దగా చెప్పేదేం లేదు. పాతిక గ్రాముల స్టవ్వులు వచ్చాయి, టైటానియం గిన్నెలు వచ్చాయి. గాలి వీస్తే అంత చిన్న మంటతో నీళ్ళు కాగవు, కాగినా సిలిండరు చాలదు. యాభై గ్రాముల స్టవ్వు తీసుకున్నా నష్టం లేదు.

నీళ్ళ ఫిల్టరు మాత్రం ముఖ్యం. డయాలసిస్ మిషన్లో ఉంటాయే సన్నటి బోలు గొట్టాలు, అలాంటివే కట్టగా పేర్చి 85 గ్రాముల ఫిల్టరు చేశారు. 0.1 మైక్రాన్ల రంధ్రాలు, బ్యాక్టీరియా దాటలేదు. వైరస్ అంతకంటే చిన్నది, దాటిపోతుంది. అక్కడి కొండవాగుల్లో ఆ భయం తక్కువే, మన హిమాలయాల వైపు వస్తే మాత్రం క్లోరిన్ బిళ్ళలు కూడా ఉండాలి. ఇంకో జాగ్రత్త. ఒకసారి వాడి తడిసిన ఫిల్టరులో నీళ్ళు గడ్డకడితే ఆ గొట్టాలు లోపల్లోపల చీలిపోతాయి. పైకేమీ తెలియదు, నీళ్ళు ఎప్పటిలాగే వస్తాయి. చలి రాత్రి ఫిల్టరుని పక్కలో పెట్టుకుని పడుకోవాలి. ఇది మరిచిపోకుండా చెప్పండి, నిజంగా ఆరోగ్యం మాట.

రెయిన్ కోటు విషయం ఒక్క ముక్క. నీటిబొట్లు జారిపోయేలా బట్టకి పూసే పీఫాస్ అనే రసాయనాలు మట్టిలో, నీళ్ళలో ఏళ్ళ తరబడి పోకుండా ఉండిపోతాయి. 2025 జనవరి నుంచి కాలిఫోర్నియా చాలా రకాల బట్టల్లో వాటిని నిషేధించింది. కొత్త పూత నీటిని ఆపుతుంది గానీ చెమటనీ జిడ్డునీ అంతగా తట్టుకోదు. కోటు తరచూ ఉతకాలి. ఉతికితే పాడవుతుందని దాచుకునే అలవాటు మానాలి.

ఇన్ని చెప్పాక మీకు ఒకావిడ గురించి చెప్పాలి. ఎమ్మా గేట్‌వుడ్ అని, ఒహాయో రాష్ట్రం. పదకొండుమంది బిడ్డల తల్లి. 1955లో, 67 ఏళ్ళ వయసులో, కాస్త నడిచొస్తానని పిల్లలతో చెప్పి బయల్దేరి మూడువేల కిలోమీటర్ల పైచిలుకు అపలేచియన్ ట్రెయిల్ ఒంటరిగా నడిచేసింది. కాళ్ళకి గుడ్డబూట్లు. డెనిమ్ గుడ్డతో తనే కుట్టుకున్న సంచీని భుజాన వేసుకుంది. వానకి స్నానాలగది ప్లాస్టిక్ తెర. టెంటు లేదు, స్లీపింగ్ బ్యాగు లేదు, దుప్పటే. ఆ తర్వాత రే జార్డిన్ అని ఒక ఇంజనీరు 1992లో పుస్తకం రాసి, భార్యాభర్తలు సొంతంగా కుట్టుకున్న తేలిక సామానుతో ఎలా నడవచ్చో అందరికీ చూపించాడు. అతని నమూనాలతోనే 1998లో గోలైట్ అనే కంపెనీ పుట్టింది, 2014లో మూతపడింది. ఇవాళ ప్రదర్శనల్లో మెరిసేవన్నీ ఇలాంటివాళ్ళ కుట్టుమిషన్ల దగ్గర మొదలైనవే. ఈ తేలిక సామానువాళ్ళకి ఒక లెక్క ఉంది. తిండి, నీళ్ళు, ఇంధనం తీసేసి మిగతా సామాను నాలుగున్నర కిలోల లోపుంటే అల్ట్రాలైట్ అంటారు. ఆ అంకె చేరడానికి మీ అబ్బాయి ఏమీ కొనక్కర్లేదు ముందు. ఇంట్లో అన్నీ నేలమీద పరిచి, ఒక్కోటీ వంటింటి కాటాలో తూచి రాసుకోమనండి. రెండో ప్యాంటు, మూడో టీషర్టు, పెద్ద టవలు అక్కడే రాలిపోతాయి.

ఒక్క వస్తువు మాత్రం ఎంత తూచినా తగ్గదు. మీ అబ్బాయి నడిచే దారిలో ఎలుగుబంట్లున్నాయి. తిండి గట్టి డబ్బాలో పెట్టి మోయాలని పార్కువాళ్ళ నియమం. ఎక్కువమంది వాడే పెద్ద డబ్బా ఖాళీదే 1.1 కిలోల పైన. టూత్‌పేస్టు కూడా అందులోనే పెట్టాలి, వాసనొచ్చే ప్రతిదీ. బాగా సర్దితే వారం తిండి పడుతుంది.

అందుకని ఆవకాయ సీసా పంపకండి వదినగారూ, మీ మనసు నాకు తెలుసు. గాజు సీసా బరువు, నూనె కారితే సంచీ అంతా పాడు, ఆ ఘాటుకి అడవిలో ఏ జంతువైనా వస్తుంది. కానీ మీరు పంపగలిగింది వేరే ఉంది, అదే అతనికి అన్నిటికంటే అవసరం. గ్రాము పిండిపదార్థంలో నాలుగు కేలరీలుంటే గ్రాము కొవ్వులో తొమ్మిది. మోసే ప్రతి గ్రాముకీ ఎక్కువ బలం నువ్వుల్లో, వేరుశెనగపప్పులో, నేతిలో ఉంది. నెయ్యి అక్కడే ఇండియన్ కొట్లో కొనుక్కుంటాడు. మీరు కందిపొడి, నువ్వుల పొడి గట్టి కవర్లలో పెట్టి పంపండి. వేడినీళ్ళలో ఉడికే అన్నంలోకి రెండు చెంచాలు కలుపుకుంటే పూట గడుస్తుంది. కందిపప్పు వేయించడం మొదలుపెట్టేముందు ఒక మాట చెప్పండి, మిరపకాయలు మా ఇంట్లో ఎండబెట్టినవి ఉన్నాయి, తెచ్చిస్తాను. మీ అబ్బాయి ఎన్ని రోజుల తిండి మోస్తాడో, మధ్యలో ఎక్కడ తిండి తెప్పించుకుంటాడో ఇవాళ రాత్రి ఫోన్లో అడగండి. అది తెలిస్తే ఎంత పప్పు వేయించాలో లెక్క వేసుకుందాం.